బెంగళూరులో విత్తనాల మార్పిడి: ఫ్రీనే, కానీ చీటీ చదివి తీసుకోండి

ముందే చెప్పేస్తున్నా, ఇది షాపు కాదు, ఇక్కడ అమ్మేదీ లేదు కొనేదీ లేదు. మారతహళ్ళి దాటి వర్తూరు వైపు పోతుంటే ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ వెనకాల నెలకో ఆదివారం పొద్దున్నే ఇంటి తోటలోళ్ళు కలుస్తారు, ఎవరి దగ్గర మిగిలిన విత్తనాలు, కొమ్మలు, పిలకలు, నారు వాళ్ళు తెచ్చి టేబుళ్ళ మీద పెడతారు, కావాల్సింది తీసుకుని పోతారు. అంతే. బయటివాళ్ళని కూడా రానిస్తారు, గేట్ దగ్గర సెక్యూరిటీకి "విత్తనాల కోసం" అంటే చాలు, అతనికి అలవాటైపోయింది. చాలా నెలలుగా వెళ్తున్నా కాబట్టి కాస్త వివరంగా రాద్దామని, ఎందుకంటే "ఎలా ఉంటది, వెళ్ళొచ్చా" అని మా ఆఫీసులో, మా బిల్డింగ్‌లో అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు.

రూల్ సింపుల్‌గానే ఉంటది. ఒక ప్యాకెట్ పెడితే ఒక ప్యాకెట్ తీసుకోవచ్చు, కొమ్మ పెడితే కొమ్మ. మొదటిసారి వచ్చినోళ్ళ దగ్గర ఏమీ ఉండదు కదా, వాళ్ళకి రెండు ప్యాకెట్లు ఊరికే ఇస్తారు, పండాక గింజలు తెచ్చి పెట్టండి అంటారు. డబ్బులు అడగరు, కాఫీ ఖర్చుకి ఒక డబ్బా పెడతారు, వేస్తే వేయొచ్చు లేకపోతే లేదు. కాఫీ మాత్రం బాగుంటది, ఒక మైసూరు ఆవిడ పెద్ద ఫ్లాస్కులో తెస్తారు, దాని కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారని నా డౌటు.

ఏం దొరుకుతాయి అంటే, నిజం చెప్పాలంటే సగం టేబుల్ వామాకు, కలబంద, మనీ ప్లాంట్, బ్రహ్మకమలం ఆకులే. ఇవి ఎవరింట్లో చూసినా పెరిగిపోతాయి కాబట్టి అందరూ అవే తెస్తారు, వద్దన్నా చేతిలో పెడతారు. మీ ఇంట్లో ఇప్పటికే వామాకు ఉందంటే ఆ టేబుల్ వైపు కళ్ళెత్తి చూడొద్దు. అసలు సరుకు అంతా కిటికీ పక్క టేబుల్ మీద ఉంటది, అక్కడ కూరగాయల గింజలు, ఆకుకూరల గింజలు, పాదుల కొమ్మలు. అక్కడికి తొందరగా పోవాలి, తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదిన్నరకల్లా మంచివన్నీ అయిపోతాయి, తర్వాత వచ్చినోళ్ళకి మెంతులూ ధనియాలూ మిగులుతాయి, అవి ఎటూ వంటింట్లో ఉన్నవే.

వచ్చేవాళ్ళలో మనవాళ్ళు బాగా ఎక్కువ, ఆ ఏరియా సంగతి తెలిసిందే కదా, కన్నడవాళ్ళూ తమిళవాళ్ళూ కూడా ఉంటారు. అందుకే బయట నర్సరీలో దొరకనివి ఇక్కడ దొరుకుతాయి. లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర నర్సరీలకి వెళ్తే గులాబీలు, మందారాలు, ఇండోర్ మొక్కలు ఎన్ని కావాలంటే అన్ని, కానీ చుక్కకూర గింజలో, గుండ్రటి పసుపు దోసకాయ గింజలో, నాటు చిక్కుడో అడిగితే దొరకడం కష్టం. ఇక్కడ మాత్రం చుక్కకూర, ఎర్ర కాడ గోంగూర, తీగబచ్చలి, పొన్నగంటి కాడలు, గోరుచిక్కుడు, రెండు మూడు రకాల చిక్కుళ్ళు రెగ్యులర్‌గా వస్తాయి. కన్నడవాళ్ళు అవరెకాయి (మన అనపకాయ) గింజలు తెస్తారు, జనవరి చలికి ఇక్కడ ఊరంతా అదే తింటారు కాబట్టి వాళ్ళ దగ్గర మంచి రకాలుంటాయి, వాసనొచ్చేది కావాలని అడిగి మరీ తీసుకోండి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చింది కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన టేబుల్. రిటైరయ్యి కొడుకు దగ్గర ఉంటారు, టెర్రస్ మీద పండిస్తారు. ఆయన ఊరికే ప్యాకెట్ ఇవ్వరు, ముందు ఇంటర్వ్యూ. నేను గోంగూర అడిగితే,

"ఎండ ఎంతసేపు పడతాది మీ ఇంటికాడ?" అన్నారు.

"తూర్పు బాల్కనీ అండి, పొద్దున నాలుగు గంటలు పడుద్ది."

"నాలుగు గంటలేనా? అయితే గోంగూర వద్దులేమ్మా, బచ్చలి తీస్కపో. ఆ నీడకి గోంగూర సన్నగా సాగిపోతాది, నన్ను తిట్టుకుంటావు."

"తిట్టుకోనులే బాబాయ్ గారూ, రెండూ ఇవ్వండి" అంటే నవ్వి ఇచ్చారు, ఇస్తూ ఇంకో మాట చెప్పారు, గోంగూర ఇప్పుడు చలికాలం ముందు పెడితే పొట్టిగా ఉండగానే పూతకొస్తాది, ఉగాది దాటినాక పెట్టు అని. పగలు తగ్గేకొద్దీ అది పూతకి పోతది, ఆకు కావాలంటే పగలు పెరిగే రోజుల్లోనే పెట్టాలి. చాలా ప్యాకెట్ల వెనకాల "ఏ కాలమైనా వేయొచ్చు" అనే రాసుంటది. ఆయన చెప్పినట్టే చేశా, మేలో కోసుకున్నాం, పప్పులోకి సరిపోయింది, పులుపు మాత్రం గుంటూరు గోంగూరంత లేదు, బాల్కనీ ఎండకి అంతకన్నా ఆశపడకూడదులే.

ఇంకొకావిడ నెల్లూరు ఆంటీ, ఆవిడ ప్యాకెట్లు చూడాలి అసలు. పాత తెలుగు క్యాలెండర్ కాగితం మడిచి, అంచులు అన్నం మెతుకుతో అంటించి, పైన బాల్ పెన్నుతో "పొడుగు సొర, మా అమ్మగారి ఊరిది, చేత్తో కట్టిన పువ్వు, కోసింది జనవరి, మచ్చలున్న గింజలు తీసేశాను" అని రాసుంటది. ఒక ప్యాకెట్ వెనకాల ఏదో నెల ఏకాదశి కూడా కనపడుతుంది. ఆ నాలుగు ముక్కల్లో మనకి కావాల్సిందంతా ఉంది, కానీ "చేత్తో కట్టిన పువ్వు" అనేది ఎందుకో తెలియనివాళ్ళు చాలామంది, అందుకే కాస్త చెప్తా.

సొర, బీర, దోస, గుమ్మడి ఇవన్నీ తేనెటీగలు, రాత్రిపూట తిరిగే చిమ్మటల లాంటి వాటి వల్ల పక్కింటి పాదుతో కలిసిపోతాయి. ఇప్పుడు కాసే కాయకి ఏమీ కాదు, అది తల్లి మొక్కలాగే ఉంటది, లోపలి గింజ మారిపోతది. అంటే మీరు పొడుగు సొరే తిన్నారు, దాని గింజే దాచారు, మళ్ళీ ఏడాది గుండ్రటిది కాస్తది, ఎందుకంటే ఎదురింటి టెర్రస్ మీద గుండ్రటి సొర ఉంది. పసుపు దోస అయితే ఖర్బూజాతో కూడా కలుస్తది, రెండూ ఒకే జాతివి, కీరాతో మాత్రం కలవదు. బెంగళూరు లాంటి చోట ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి కాబట్టి ఇది ఇంకా ఎక్కువ. ఆంటీ ఏం చేస్తారంటే సాయంత్రం సొరపువ్వు విచ్చుకునే ముందే ఆడ మొగ్గనీ మగ మొగ్గనీ దారంతో కట్టేస్తారు, చీకటి పడే టైంకి విప్పి మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకి రాసి మళ్ళీ కట్టేస్తారు, ఆ కాయకి గుర్తుగా రిబ్బను కడతారు, ఆ ఒక్క కాయనే ముదరనిచ్చి గింజ తీస్తారు. ఇంత చేసి ఆవిడ ఆ గింజలు ఊరికే ఇస్తున్నారు. నేనైతే ఇవ్వను.

టొమాటో, చిక్కుడు, బీన్స్, బఠాణీ ఇవి మాత్రం చాలావరకు వాటి పువ్వులోనే అవి కలుపుకుంటాయి కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నా పెద్దగా భయం లేదు. మిరప, వంకాయ, బెండ మధ్యరకం, కాస్త దూరంగా పెట్టినోళ్ళ దగ్గర తీసుకుంటే మంచిది.

ఇప్పుడు నచ్చని సంగతులకి వద్దాం. అందరూ ఆంటీలాగా రాయరు. చాలా ప్యాకెట్ల మీద "సొర" అనో "టొమాటో" అనో ఒక్క ముక్క ఉంటది, కొన్నిటి మీద అదీ ఉండదు, జిప్‌లాక్ కవర్లో గింజలు, అంతే. ఏ ఊరిదో, ఎప్పుడు తీసిందో, హైబ్రిడ్డో నాటుదో ఏమీ తెలియదు. నాకిలాగే పేరు మాత్రమే ఉన్న ఒక సొర ప్యాకెట్ తగిలింది, పాదు బ్రహ్మాండంగా పాకింది, కాయలు కూడా కాసింది, కోసి చివర ముక్క నాలుక మీద పెడితే చేదు విషం. మొత్తం పడేశా. సొరకాయ చేదుగా ఉంటే అస్సలు తినకూడదండీ, జ్యూస్ అయితే మరీ ప్రమాదం, దాంతో ప్రాణాలు పోయిన కేసులున్నాయి, "కొంచెం చేదేగా, ఉప్పేసి ఉడికిస్తే పోతది" అనుకోవద్దు, ఉడికించినా పోదు. నిర్వాహకులకి చెప్తే పాపం వాళ్ళు ఆ నెల నుంచి చీటీ ఫార్మ్ ప్రింట్ తీసి పెట్టారు, రకం, ఊరు, కోసిన నెల, హైబ్రిడ్ అవునా కాదా అని నాలుగు గళ్ళు. నింపేవాళ్ళు నింపుతున్నారు, నింపనివాళ్ళు నింపట్లేదు. చీటీ లేని ప్యాకెట్ టేబుల్ ఎక్కకూడదు అని గట్టిగా రూల్ పెట్టాలి అని నా అభిప్రాయం, మొహమాటానికి పోతున్నారు.

హైబ్రిడ్ గొడవ ఒకటి. సూపర్‌మార్కెట్ టొమాటో గింజలూ, ఎఫ్1 (రెండు రకాలు కలిపి చేసిన మొదటి తరం హైబ్రిడ్) ప్యాకెట్ నుంచి పండించిన కాయల గింజలూ తెచ్చి పెడతారు కొంతమంది, మంచి మనసుతోనే. కానీ హైబ్రిడ్ నుంచి తీసిన గింజ తల్లిలాగా రాదు, ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తది. ఒకతను హెసరఘట్టలో ఉన్న ఉద్యాన పంటల పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ అర్క రక్షక్ టొమాటో బాగా కాసిందని దాని గింజలు తీసి గొప్పగా తెచ్చాడు, అది ఎఫ్1 హైబ్రిడ్, దాని గొప్పంతా మొదటి తరంలోనే. అదే ఐఐహెచ్‌ఆర్‌దే అర్క వికాస్ టొమాటో, అర్క అనామిక బెండ హైబ్రిడ్లు కావు, అవి తీసుకుని గింజ కట్టుకుంటే నిలుస్తాయి. నాకు ఇక్కడే దొరికిన అర్క అనామిక గింజలు రెండు కాపులకి వచ్చాయి, ఇంకా డబ్బాలో ఉన్నాయి. పేరు ముందు అర్క ఉంది కదా అని అన్నీ ఒకటి కాదు, అడిగి తెలుసుకోవాలి.

అప్పుడే ఒకాయన, లాయర్ అనుకుంటా, అసలు ఇలా విత్తనాలు మార్చుకోవడం లీగలేనా అని మొదలుపెట్టాడు. ఇంకొకాయన వెంటనే ఫోన్ తీసి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ చదివి వినిపించాడు, రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండు వేసి అమ్మకూడదు అంతే. దాని మీద కాఫీ చల్లారేదాకా వాదించుకున్నారు, నేను ఆ గ్యాప్‌లో దొండపాదు టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయా.

దొండ గురించి చెప్పాలి. దొండ గింజతో పెట్టరు, కొమ్మతో పెడతారు, ఎందుకంటే దొండలో ఆడ తీగ వేరు మగ తీగ వేరు, గింజ వేస్తే సగం మగవి వస్తాయి, పందిరంతా పాకి పువ్వులు పూసి ఒక్క కాయ కూడా ఇవ్వవు. ఇక్కడ దొండ తెచ్చే ఆవిడ కాస్తున్న తీగ నుంచే కొమ్మలు కోసుకొస్తారు, కవర్లో కాయతో పాటు ఉన్న చివర కూడా పెట్టి చూపిస్తారు, అనుమానం తీర్చడానికి. పెన్సిల్ లావు, నాలుగు కణుపులు, రెండు మట్టిలో రెండు పైన, అదీ లెక్క. ఈ సంతలో నాకు దొరికిన వాటిలో బెస్ట్ ఇదే, పోయిన ఏడాది పెట్టింది ఇప్పటికీ వారానికి ఒక కూర ఇస్తుంది. ఒక్క దొండపాదు కోసం వెళ్ళినా ఆ పొద్దున వేస్ట్ కాదు.

మొక్కలూ కొమ్మలూ తీసుకునేటప్పుడు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చూడండి. మందారం కొమ్మల మీద ఆకు మొదట్లో దూదిలాగా తెల్లగా ఉందంటే పిండినల్లి, అది ఇంటికి తెచ్చుకుంటే మీ బెండా వంకాయా అన్నిటికీ ఎక్కేస్తది, ఆనక వేపనూనె, సబ్బునీళ్ళు పట్టుకుని సాయంత్రాలన్నీ దానితోనే సరి. టొమాటో, వంకాయ నారు అయితే వేళ్ళు చూడాలి, వేళ్ళకి బుడిపెలు బుడిపెలుగా ఉంటే నులిపురుగు ఉన్నట్టు, ఆ మట్టి మీ కుండీలో కలిపితే వదిలించుకోవడం చాలా కష్టం. ఇక్కడ చూపించండి అంటే కొంతమంది మొహం మాడ్చుకుంటారు, పర్లేదు, చూసే తీసుకోండి. తెచ్చాక కూడా రెండు వారాలు మిగతా కుండీలకి దూరంగా పెట్టడం మంచిది. నిర్వాహకులు ఎంట్రన్స్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి మొక్కలు చెక్ చేయిస్తే బాగుండేది, విత్తనాల మీద పెట్టే శ్రద్ధ మొక్కల మీద పెట్టరు.

ఇక సంచులతో వచ్చే బ్యాచ్. ఏమీ తేరు, రెండు ప్యాకెట్ల రూల్ అంటే భార్యా భర్తా పిల్లాడూ వేరువేరుగా లైన్లో నిలబడి ఆరు తీసుకుంటారు. వచ్చే నెల మళ్ళీ "మొదటిసారి" అంటారు. గింజలు తీసుకెళ్ళి వేస్తారా అంటే అదీ లేదు, ఫ్రిజ్ పైన పెట్టి మర్చిపోతారు. ఉల్లి గింజ అయితే ఏడాది దాటితే మొలిచేది తక్కువ, టొమాటో వంకాయ నాలుగైదేళ్ళు ఆగుతాయి, బీన్స్ మూడేళ్ళ దాకా. పాత గింజ అనుకుంటే పది గింజలు తడి టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టి వారం తర్వాత ఎన్ని మొలిచాయో చూడండి, ఆరేడు మొలిస్తే వేయొచ్చు, రెండు మూడే అయితే కుండీ దండగ.

ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు కదా, ఈ గోలంతా ఎందుకు అనేవాళ్ళకి ఒకటే మాట, అక్కడ నీలం టొమాటో, ఏడు రంగుల గులాబీ గింజలు కూడా అమ్ముతున్నారు, బొమ్మ చూసి కొన్నోళ్ళకి ఏం మొలిచిందో వాళ్ళనే అడగండి. ఇక్కడ ఇచ్చిన మనిషి ఎదురుగా ఉంటాడు, వచ్చే నెల వెళ్ళి "బాబాయ్ గారూ, బచ్చలి ఆకులకి చిల్లులు పడుతున్నాయి" అని అడగొచ్చు. ఇంకో లాభం పాతవాళ్ళు చెప్తే తెలిసింది. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, బెంగళూరు నీళ్ళ బోర్డు (జలమండలి) తాగే నీళ్ళు మొక్కలకి పోస్తే 5000 రూపాయలు జరిమానా అన్నప్పుడు ఇక్కడ చాలామంది టెర్రస్‌లు ఖాళీ అయిపోయాయట, నెల్లూరు ఆంటీ సొర కూడా ఎండిపోయి, డబ్బాలో గింజలకి పురుగు పట్టి, అమ్మగారి ఊరి రకం ఇక లేదనుకున్నారట. అంతకు ముందు ఆవిడ దగ్గర గింజలు తీసుకున్న ఒక కన్నడ ఆయన కనకపుర రోడ్డులో సొంత స్థలంలో వేసి ఉన్నాడు, ఆయన ఒక గుప్పెడు తెచ్చి ఆంటీకి ఇచ్చాడు. నాకొచ్చిన ప్యాకెట్ ఆ గుప్పెట్లోదే.

బెంగళూరులోనే ఇంటి తోటలోళ్ళ కోసం జరిగే "ఊట ఫ్రమ్ యువర్ తోట" (కన్నడలో ఊట అంటే భోజనం) అనే సంతతో పోల్చమంటారు కొంతమంది. అది పెద్దది, 2011 నుంచి జరుగుతుంది, అక్కడ ఎరువులు, కుండీలు, సామాన్లు, నేర్పించేవాళ్ళు అన్నీ ఉంటాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అక్కడికి వెళ్ళడం మంచిది. ఇది చిన్నది, ఇక్కడ కుండీ కూడా దొరకదు. కానీ మాట్లాడడానికి టైం ఉంటది, రష్ తక్కువ కాబట్టి.

పార్కింగ్ విజిటర్స్‌కి లేదు, బైక్ అయితే గోడ పక్కన పెట్టొచ్చు, కారైతే బయట రోడ్డు మీద దేవుడి మీద భారం వేసి పెట్టాలి. వర్షాకాలం షెడ్డు కిందకి మారుస్తారు, ఇరుకు. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, గింజలు కలిపేయకుండా చూసుకోండి. ఖాళీ కవర్లు, మార్కర్ పెన్ను, తడి గుడ్డ తీసుకెళ్ళండి, కొమ్మలు ఇంటికొచ్చేసరికి వాడిపోకుండా.

నా రేటింగ్ 5కి 4. చీటీలు కచ్చితం చేసి, మొక్కలు చెక్ చేస్తే ఇంకో అర ఇస్తా, మిగిలిన అర పార్కింగ్‌కి ఎటూ పోయినట్టే. వచ్చే నెల నేను దొండ కొమ్మలు, అర్క అనామిక గింజలు, ఎర్ర గోంగూర గింజలు తెస్తున్నా, చీటీతో సహా. నాకు కావాల్సింది బుడమకాయ గింజలు, పచ్చట్లో వేసే చిన్న చారల కాయ, ఎవరి దగ్గరైనా ఉంటే కిటికీ పక్క టేబుల్ దగ్గర కనపడండి, రెండు దొండ కొమ్మలు మీకోసం పక్కన పెడతా.